కళా? కలా?

ఆ పాట మా ఇంట్లోవాళ్ళం మొదటిసారి విన్నది ఇంట్లో కాదు, కారులో. 2008 ఆగస్టు చివర. కొలంబస్ చుట్టూ తిరిగే ఐ-270 మీద, గోంగూర వచ్చిందని ఫోన్ చేసిన ఇండియన్ స్టోర్‌కి నేనూ, పదిహేనేళ్ళ మా అమ్మాయీ వెళుతున్నాం. ముందు సీట్లో కూర్చున్నవాళ్ళదే పాటల మీద పెత్తనం అన్నది మా ఇంటి రాజ్యాంగం. అందుకని తన ఐపాడ్ తగిలించింది. నెమ్మదిగా, ఊగినట్టుగా ఉంది పాట. బాగానే ఉందే అనుకుంటున్నాను. ఇంతలో చిన్నపిల్లలు కోరస్ అందుకున్నారు. ఆ వెంటనే వరసగా నాలుగు తుపాకీ చప్పుళ్ళు!

నా కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. వెనకాల ట్రక్కువాడు హారన్ మోగించాడు. మా అమ్మాయి మాత్రం పగలబడి నవ్వుతోంది.

"నాన్నా, అది పాటే! పేపర్ ప్లేన్స్! స్కూల్లో అందరూ ఇదే వింటున్నారు."

"తుపాకులు పేల్చడం పాటేమిటే?"

"అది సెటైర్, నాన్నా. మనలాంటి వాళ్ళ గురించే."

మనలాంటి వాళ్ళంటే ఎవరు? సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, పన్నులు కడుతూ, శనివారం గోంగూర కోసం నలభై మైళ్ళు పోయే నాకూ తుపాకులకూ ఏమిటి సంబంధం? ఆ మాటే అడిగాను. "యూ వోంట్ గెట్ ఇట్" అని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పదిహేనేళ్ళ పిల్లలున్న ఇంట్లో ఆ మాట ఎన్నిసార్లు వినిపిస్తుందో మీకు చెప్పక్కర్లేదు.

అక్కడితో అయిపోతే ఇది రాసేవాణ్ణి కాదు. మరుసటి వారం పిల్లలంతా కలిసి, మా ఊరి తెలుగువాళ్ళ దీపావళి కార్యక్రమంలో ఆ పాటకే డాన్స్ చేస్తామన్నారు.

* * *

కార్యవర్గ సమావేశం మా బేస్‌మెంట్‌లోనే జరిగింది. సమోసాలు అయిపోయేదాకా అంతా బాగానే ఉంది. తరవాత పిల్లలు సీడీ పెట్టారు. నాలుగు చప్పుళ్ళూ వినపడగానే గది నిశ్శబ్దమైపోయింది.

మేమంతా అక్కయ్యా అని పిలుచుకునే పెద్దావిడ ఒకరున్నారు. ఊళ్ళో ఎవరింట్లో పురుడైనా పుణ్యమైనా ఆవిడ చేతి పులిహోర ఉండాల్సిందే. ఆవిడ లేచి, "ఈ పాట వద్దమ్మా" అన్నారు. గొంతు వణికింది. ఆవిడ చెల్లెలి కొడుకు అప్పుడు లూసియానాలో చదువుకుంటున్నాడు. 2007 డిసెంబరులో లూసియానా స్టేట్ యూనివర్సిటీ ఆవరణలో ఇద్దరు తెలుగు పీహెచ్‌డీ విద్యార్థులను వాళ్ళ అపార్ట్‌మెంట్‌లోనే కాల్చి చంపారు. ఆ వార్త తెలిసిన రాత్రి ఈ దేశంలో ఎన్ని తెలుగు ఇళ్ళలో ఫోన్లు మోగాయో లెక్కలేదు. దానికి ఎనిమిది నెలల ముందే, ఆ ఏప్రిల్లో, వర్జీనియా టెక్‌లో 32 మందిని ఒక విద్యార్థి పొట్టన పెట్టుకున్నాడు. ఏడాది తిరగకుండానే మన పిల్లలు ఆ చప్పుడుకి స్టేజీ మీద గంతులేస్తే చూడటం ఆవిడ వల్ల కాదు. ఆ మాట తప్పని ఎవరనగలరు?

ఇంకొకాయన అభ్యంతరం వేరు. "ఆ అమ్మాయి శ్రీలంక తమిళులమ్మాయి కదండీ. స్టేజీ మీద పులి బొమ్మలు పెట్టుకుంటుందట. 1991లో శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని ఎవరు చంపారో మరచిపోయామా? 1997 నుంచీ అమెరికావాళ్ళే వాళ్ళని టెర్రరిస్టుల జాబితాలో పెట్టారు. మనం వాళ్ళ పాటలకి డాన్సులా?" అన్నారు. ఇంకొకాయన, "అవన్నీ నాకు తెలీవు గానీ, అసలు ఇది సంగీతమేనా?" అని తేల్చేశారు.

చేతులెత్తమన్నారు. పాట ఓడిపోయింది. వద్దని ఎత్తిన చేతుల్లో నాదీ ఒకటి. మెట్ల మీద కూర్చుని చూస్తున్న మా అమ్మాయి అది చూసింది. ఏమీ అనకుండా పైకి వెళ్ళిపోయింది. గది తలుపు పడిన చప్పుడు మాత్రం నాలుగు తుపాకులకి సమానంగా వినిపించింది.

దీపావళికి మా అమ్మాయి డాన్స్ చేయలేదు. వెనక వరసలో కూర్చుని పుస్తకం చదువుకుంది.

* * *

పిల్లలు మాట్లాడకపోతే పెద్దవాళ్ళు ఏం చేస్తారు? నేను గూఢచారి పని మొదలుపెట్టాను. తను స్కూలుకి వెళ్ళాక ఆ సీడీ తీసి ఆఫీసుకి వెళ్ళే దారిలో వినడం, సాయంత్రం తను చూడకముందే తిరిగి పెట్టేయడం.

అట్ట మీద ఇంగ్లీషులో నాలుగక్షరాలు: కె, ఎ, ఎల్, ఎ. మన భాషలో అయితే దాన్ని కళ అనొచ్చు, కల అనొచ్చు, కాలా అనొచ్చు. ఇంతకీ అది వాళ్ళమ్మ పేరట. అంతకుముందు 2005లో వచ్చిన మొదటి ఆల్బమ్‌కి నాన్న పేరు మీద అరులర్ అని పెట్టుకుంది. ఆయన ఈలం విద్యార్థి ఉద్యమం నడిపిన వాళ్ళలో ఒకాయన. ఆయన ఉద్యమంలో ఉంటే పిల్లల్ని పెంచింది తల్లి. లండన్‌లో పుట్టిన పిల్లని నెలల పసికందుగా జాఫ్నాకి తీసుకెళ్ళారు. యుద్ధం ముదిరాక మద్రాసు వచ్చారు, మళ్ళీ జాఫ్నా, చివరికి 1986లో శరణార్థులుగా లండన్. తల్లి కుట్టుపని చేసి ఇల్లు నడిపింది. ఆ పిల్ల అసలు పేరు మాతంగి. సంగీతానికి అధిదేవత పేరు! పెద్దయ్యాక ఎం.ఐ.ఎ. అని పెట్టుకుంది. యుద్ధంలో ఆచూకీ దొరకనివాళ్ళ పేరు పక్కన సైన్యం రాసే మూడక్షరాలు అవి.

మొదటి పాట బాంబూ బంగా. ఐ-270 మీద మామూలు ట్రాఫిక్. డమడమా ఏవో డప్పులు, దాని మీద ఆ అమ్మాయి కేకలు. ఇంతలో వెనక నుంచి ఒక చప్పుడు లీలగా వినిపించింది. నా ఒళ్ళు జలదరించింది. ఇది ఇళయరాజా! దళపతిలో భోగిమంటల చుట్టూ రజనీకాంత్, మమ్ముట్టి చిందులేసే పాట. తెలుగులో బాలు, ఏసుదాసు కలిసి పాడారు. అనంతపురంలో హాస్టల్ కుర్రాళ్ళం ఆ సినిమాకి ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కే లేదు. ఆ ముక్క పట్టుకుని లండన్ అమ్మాయి అమెరికాని ఊపేస్తోందా!

సీడీ అట్ట లోపలి సన్నక్షరాలు పార్కింగ్ లాట్‌లో కళ్ళద్దాలు పెట్టుకుని చదివాను. బర్డ్ ఫ్లూ అనే పాటలో తమిళ జయం సినిమా పాట ముక్క వాడారు. సంగీతం ఆర్.పి.పట్నాయక్. మన చిత్రం, నువ్వు నేను, జయం పట్నాయకే! ఇంకో పాట జిమ్మీ. అది 1982లో వచ్చిన డిస్కో డాన్సర్‌లో బప్పీలహరి పాటే. మా ఆవిడకి వినిపిస్తే గరిటె చేత్తో పట్టుకునే, "ఇది మన మిథున్ చక్రవర్తిది కదండీ!" అని వంటింట్లోంచి బయటికొచ్చేసింది.

ఇవన్నీ ఒక్కచోట ఎందుకు చేరాయో తరవాత తెలిసింది. 2006లో ఆ అమ్మాయి అమెరికా వచ్చి, టింబలాండ్ అనే పెద్ద నిర్మాతతో ఈ ఆల్బమ్ చేయాలనుకుంది. వీసా ఇవ్వలేదు. ఇక్కడికి రానివ్వకపోతే ప్రపంచం చిన్నదా అని, చెన్నై వెళ్ళి రెహమాన్ స్టూడియోలో డప్పుల వాళ్ళని కూర్చోబెట్టి రికార్డు చేసింది. ట్రినిడాడ్, లైబీరియా, ఆస్ట్రేలియా తిరిగింది. ఆస్ట్రేలియా ఆదివాసీ పిల్లలు పాడిన పాటని ఆల్బమ్‌లో చేర్చుకుంది. వీసా దొరికి ఉంటే ఆ ఆల్బమ్‌లో ఆ డప్పులే ఉండేవి కావేమో.

డప్పులంటే గుర్తొచ్చింది. బర్డ్ ఫ్లూ పాటలో ఒక వాయిద్యం మూలుగుతుంది. కొట్టే చప్పుడు కాదు, చర్మం మీద పుల్లతో రాసే చప్పుడు. తమిళులు దాన్ని ఉరుమి అంటారు. మా అనంతపురం పల్లెల్లో ఉరుము అంటారు. జాతరలో ఉరుములవాళ్ళు అది వాయిస్తూ ఆడుతుంటే అమ్మవారు కదిలొచ్చినట్టుండేది. మా జేజి నా చెయ్యి పట్టుకుని దూరంగా నిలబెట్టేది. నేను భయపడతానేమోనని కాదు, వాళ్ళకి తగులుతానేమోనని. అప్పుడు అది నాకు వింతగా తోచలేదు. ఒహాయోలో, ఆఫీసు పార్కింగ్ లాట్‌లో, కారులో ఒక్కడినే కూర్చుని ఆ మూలుగు విన్నప్పుడు తోచింది.

* * *

మన బేస్‌మెంట్‌లో జరిగిన తగువే దేశమంతటా జరిగిందని చదువుతున్నకొద్దీ అర్థమైంది. 2007 ఆగస్టులో ఆల్బమ్ విడుదలైతే విమర్శకులు చేతులెత్తి మొక్కారు. రోలింగ్ స్టోన్ పత్రిక ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా దానికే మొదటి స్థానం ఇచ్చింది. విమర్శలన్నిటినీ కూడి మార్కులు వేసే మెటాక్రిటిక్‌లో నూటికి 87 వచ్చాయి. జనం మాత్రం అంతగా పట్టించుకోలేదు. బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టికలో 18వ స్థానం దాకా వచ్చి ఆగింది. అమెరికా రేడియోలు ఆ పాటల జోలికి పోలేదు.

ఏడాది తరవాత, 2008 వేసవిలో, పైనాపిల్ ఎక్స్‌ప్రెస్ అనే హాస్య చిత్రం ట్రైలర్‌లో పేపర్ ప్లేన్స్ వినిపించింది. అంతే, పాట పైకెగిరి బిల్‌బోర్డ్ హాట్ 100లో నాలుగో స్థానంలో కూర్చుంది. మా అమ్మాయి స్కూలుకి వచ్చింది అప్పుడే. ఆ ఏడాదే స్లమ్‌డాగ్ మిలియనీర్‌లోనూ వినిపించింది.

పేరొచ్చాక పేచీలు. లెటర్‌మన్ షోలో పాడినప్పుడు తుపాకీ చప్పుళ్ళు లేకుండా వేరే చప్పుడు పెట్టారు. ఎంటీవీవాళ్ళూ అదే పని చేశారు. ఆ అమ్మాయికి కోపమొచ్చింది. లాస్ ఏంజెలస్‌లో ఉండే శ్రీలంక ర్యాపర్ డిలాన్, ఆ పాట మీదే ఇంకో పాట కట్టి, నువ్వు టెర్రరిస్టుల్ని సమర్థిస్తున్నావని నిలదీశాడు. తాను ఉగ్రవాదాన్ని సమర్థించడం లేదని ఆమె జవాబు. ఆమె మాటలు విమర్శించేవాళ్ళు కొందరు, బాగున్న సంగీతమంతా డిప్లో అనే మగ నిర్మాత పుణ్యమేనని రాసేవాళ్ళు కొందరు. "నా పని నేను చేసుకున్నానంటే ఎందుకు నమ్మరు?" అన్నది ఆమె బాధ.

తుపాకీ చప్పుళ్ళ సంగతేమిటంటే, ఆ పాట వలసవచ్చినవాళ్ళ మీద ఇక్కడివాళ్ళకున్న అనుమానాన్ని వెక్కిరిస్తుంది. మేం వచ్చేది మీ డబ్బు దోచుకోడానికే అనుకుంటున్నారు కదా, అయితే వినండి అని తుపాకీ పేలుస్తుంది, క్యాష్ రిజిస్టర్ ఖంగుమనిపిస్తుంది. వెనక నడిచే బాణీ కూడా క్లాష్ అనే ఇంగ్లీషు బృందం 1982లో వలసవాళ్ళ మీదే కట్టిన పాటలోది. వీసా కోసం తాను పడిన తిప్పల్లోంచే ఇది పుట్టిందని ఆమే చెప్పింది.

వెక్కిరింపు అర్థమైనవాళ్ళు మెచ్చుకున్నారు. అర్థంకానివాళ్ళు బాగానే ఉందని గంతులేశారు. చప్పుడు మాత్రమే విన్నవాళ్ళు భయపడ్డారు. నిజం చెప్పాలంటే ముగ్గురి దగ్గరా ఎంతో కొంత న్యాయముంది. దిక్కులేక శరణార్థిగా పెరిగిన పిల్ల తుపాకీ చప్పుడుతో పరాచికమాడితే ఆమెకి ఆ హక్కుంది. బిడ్డని కాల్చేశారేమోనని రాత్రంతా ఫోన్ పట్టుకు కూర్చున్న అక్కయ్యకి ఆ పరాచికం వినలేని హక్కుంది.

* * *

ఇక నా సంగతి. ఇది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

నవంబరులో ఒకరోజు సీడీ తిరిగి పెడుతుంటే మా అమ్మాయికి దొరికిపోయాను. "నా సీడీ నువ్వు వింటున్నావా?" అంది. కోపమో నవ్వో తెలియని గొంతు. ఇళయరాజా సంగతి, పట్నాయక్ సంగతి, ఉరుము సంగతి చెప్పాను. మంచం మీద పక్కకి జరిగి చోటిచ్చింది. నెలన్నర తరవాత నాతో మాట్లాడింది.

"మరి ఎందుకు నో అని చెయ్యెత్తావు?"

"అక్కయ్య బాధపడుతోంది కదమ్మా."

"అది ఆవిడ రీజన్. నీ రీజన్ ఏంటి?"

అడ్డంగా దొరికిపోయాను. వీసా అన్న మాట పాటలో ఎగతాళిగా వినిపిస్తుంటే నాకు నవ్వు రాలేదు. అదీ అసలు కారణం.

మేం 2000లో వచ్చాం. అప్పటికి తనకి ఏడేళ్ళు. మా అమ్మ, అంటే వాళ్ళ జేజి, చేతుల్లోనే పెరిగిన పిల్ల. 2005 శీతాకాలంలో అమ్మ పోయింది. నేను పెద్దకొడుకుని. తమ్ముడు ఫోన్ చేసి, "నువ్వొచ్చేదాకా ఉంచుతాం అన్నా, బయల్దేరు" అన్నాడు. నా హెచ్-1 స్టాంపు ఎప్పుడో అయిపోయింది. 2004 జులై దాకా పాస్‌పోర్టు ఇక్కడే పంపించి కొత్త స్టాంపు వేయించుకునే వీలుండేది. ఆ తరవాత అది తీసేశారు. దేశం దాటితే మళ్ళీ అక్కడే ఇంటర్వ్యూకి నిలబడి స్టాంపు వేయించుకుంటేనే తిరిగి రావడం. అప్పటికి హైదరాబాదులో కాన్సులేట్ లేదు, మనవాళ్ళకి చెన్నైయే గతి. మా ఆఫీసులో ఒకాయన పెళ్ళికని వెళ్ళి కాగితాలు తేలక నాలుగు నెలలు ఇరుక్కుపోయాడు. వచ్చేసరికి ఉద్యోగం లేదు. గ్రీన్ కార్డు ఇంకా లేబర్ దశలోనే ఉంది. ఇంటి అప్పు, చదువుకుంటున్న పిల్ల. ఆ రాత్రంతా ఆలోచించి, వెళ్ళలేదు.

ఎవరూ నన్ను ఆపలేదు. భయం ఆపింది. తమ్ముడు కొరివి పెట్టాడు. ఊరేగింపులో ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. తప్పెట్ల చప్పుడు తప్ప నాకింకేమీ వినపడలేదు.

పొద్దున్నే లేచి పన్నెండేళ్ళ మా అమ్మాయి అడిగింది, "మనం జేజి దగ్గరికి వెళ్ళట్లేదా?" అని. నీకు వీసాలూ స్టాంపులూ ఏం తెలుస్తాయిలే అని, నోటికొచ్చింది చెప్పాను. "నీకు స్కూలు పోతుంది కదా తల్లీ."

ఇదంతా ఆ మంచం మీద కూర్చుని చెప్పేసరికి తన మొహం చూడలేకపోయాను. చాలాసేపటికి అంది, "నాన్నా, మూడేళ్ళ నుంచీ నేను అది నా వల్లే అనుకుంటున్నా. నా స్కూల్ వల్ల నువ్వు జేజిని చూడలేదని."

నేను చెప్పిన చిన్న అబద్ధాన్ని ఆ పిల్ల మూడేళ్ళు మోసింది. ఆ రాత్రి ఇద్దరం ఏడ్చాం. మా ఆవిడ వచ్చి ఏమైందో తెలియకుండానే తనూ ఏడ్చింది. తరవాత ముగ్గురం ఉప్మా తిన్నాం.

అమెరికాకి వీసా దొరకక ఆ అమ్మాయి చెన్నై వెళ్ళింది. చెన్నైలో వీసా దొరకదేమోనని నేను అమెరికాలో ఉండిపోయాను. యూ వోంట్ గెట్ ఇట్ అంది మా అమ్మాయి. నిజానికి ఆ పాట మా ఇంట్లో నాకే ఎక్కువ అర్థం కావాల్సింది.

* * *

2009 ఫిబ్రవరి 8న గ్రామీ ఉత్సవం టీవీలో అందరం కలిసి చూశాం. పేపర్ ప్లేన్స్ రికార్డ్ ఆఫ్ ది ఇయర్ పోటీలో ఉంది. ఆ అమ్మాయి నెలలు నిండిన కడుపుతో, డాక్టరు పురుడు చెప్పిన రోజునే, నలుగురు పెద్ద ర్యాపర్ల మధ్య స్టేజీ మీద ఊగింది. మా ఆవిడ సోఫాలోంచి లేచి నిలబడి, "అయ్యో, ఆ పిల్లకి పెద్దదిక్కెవరూ లేరా? కూర్చోబెట్టండి ఎవరైనా!" అని టీవీ మీద కేకలేసింది. బహుమతి రాలేదు. ఆ నెలలోనే ఆస్కార్లలో రెహమాన్‌తో కలిసి చేసిన పాట కూడా పోటీకి నిలిచింది. అదీ రాలేదు, కానీ రెహమాన్ రెండు ఆస్కార్లు పట్టుకొచ్చాడు కాబట్టి మా ఇంట్లో పాయసం జరిగింది.

ఆ ఉగాదికి పిల్లలు మళ్ళీ కార్యవర్గం ముందుకి వచ్చారు. ఈసారి పేపర్ ప్లేన్స్ కాదు, బర్డ్ ఫ్లూ. తుపాకులు లేవు, ఉరుము ఉంది. డాన్సుకి ముందు మా అమ్మాయి మైకు పట్టుకుని, వంకర తెలుగులోనే, ఆ వాయిద్యం ఏమిటో, మన అనంతపురంలో ఎవరు వాయిస్తారో, వాళ్ళని గుడి బయట ఎందుకు నిలబెట్టేవారో నాలుగు మాటలు చెప్పింది. ముందు వరసల్లో కొందరు ఇబ్బందిగా కదిలారు. పండగ పూట ఇవన్నీ ఎందుకు అన్నట్టు ఒకాయన నావైపు చూశారు. నేను చప్పట్లు కొట్టాను.

డాన్స్ అయ్యాక మిశ్రమ స్పందన అని రాయాలేమో విమర్శకుల భాషలో. పిల్లలు ఈలలు వేశారు. ఇద్దరు ముగ్గురు చెవులు మూసుకున్నారు. కొడుకుని చూడ్డానికి కదిరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం కర్ర పట్టుకుని స్టేజీ దాకా వచ్చి, "ఏమప్పా, అది ఉరుము గదా! ఈ దేశంలో యాడ దొరికె మీకు?" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

అక్కయ్య మా అమ్మాయిని దగ్గరికి తీసుకున్నారు. "ఆ రోజు నీ పాట మీద కోపం కాదమ్మా, ఆ చప్పుడు మీద" అన్నారు. "తెలుసు పెద్దమ్మా" అంది మా అమ్మాయి. తెలుసని నాకు అప్పుడే తెలిసింది.

* * *

తరవాత చాలా జరిగాయి. 2009 మే నెలలో శ్రీలంక యుద్ధం ముగిసింది. చివరి నెలల్లో సామాన్య తమిళులు పడిన పాట్లు ఆమె టీవీల్లో మొత్తుకుంటే పాటలవాళ్ళకి ఇవెందుకు అన్నవాళ్ళే ఎక్కువ. 2011లో ఐక్యరాజ్యసమితి నియమించిన నిపుణులు, ఆ నెలల్లో చనిపోయిన పౌరుల సంఖ్య 40,000 దాకా ఉండవచ్చని రాశారు. 2010లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్ ఆమె విప్లవానికీ విలాసానికీ పొంతన లేదని దెప్పిపొడిచింది. 2012 సూపర్ బౌల్‌లో కెమెరాకి మధ్యవేలు చూపించి ఇంకో రభస తెచ్చుకుంది. కోవిడ్ రోజుల్లో టీకాల మీద ఆమె అన్న మాటలకి నర్సుగా పనిచేస్తున్న మా అమ్మాయి మండిపడింది. ఆ తరవాత వినడం మానేసింది. ఇప్పుడు మా ఇంట్లో ఆమె అభిమానిని నేనొక్కణ్ణే!

"అంతా విన్నాక కూడా ఎలా వింటావు నాన్నా?" అంటుంది.

మనం గద్దర్‌ని విన్నట్టేనమ్మా అంటాను. 2023 ఆగస్టులో ఆయన పోయినప్పుడు, ఆయన రాజకీయం ఒక్క ముక్క ఒప్పుకోని మా తమ్ముడు ఫోన్ చేసి ఏడ్చాడు. పాట మెచ్చుకోవడమంటే పాడినవాళ్ళ ప్రతి మాట కిందా సంతకం పెట్టడం కాదు. మా అమ్మాయి దానికి ఒప్పుకోదు. ఈ తగువు మా ఇంట్లో ఇంకా తేలలేదు. తేలకపోయినా ఫరవాలేదు, ఇద్దరం మాట్లాడుకుంటూనే ఉన్నాం.

ఒక్క కబురు మాత్రం ఇద్దరం ఇష్టంగా చెప్పుకుంటాం. 2020 జనవరిలో ఆమెకి బ్రిటిష్ రాజకుటుంబం ఎం.బి.ఇ. పతకం ఇచ్చింది. ఆ పతకాల రిబ్బన్లు ఏళ్ళ తరబడి చేత్తో కుట్టిన ఆడవాళ్ళలో ఆమె తల్లి ఒకరట. అమ్మ పేరు పెట్టుకున్న ఆల్బమ్ ఒక చేతిలో, అమ్మ కుట్టిన పతకం ఇంకో చేతిలో. దాన్ని కళ అనాలా, కల అనాలా?

2012లో గ్రీన్ కార్డు వచ్చాక మేం ముగ్గురం ఊరికి వెళ్ళాం. అమ్మ లేని ఇంటికి ఏడేళ్ళు ఆలస్యంగా. జాతర రోజులు. ఉరుములవాళ్ళు గుడి ముందు ఆడుతున్నారు. మా అమ్మాయి తిన్నగా వాళ్ళ దగ్గరికి వెళ్ళి, నేలమీద వాళ్ళ పక్కనే కూర్చుని, ఆ వాయిద్యం ఒళ్ళో పెట్టించుకుంది. పెద్దాయన్ని, "తాతా, మీ పేరేంటి?" అని అడిగింది. ఆయన చెప్పాడు. నా చిన్నప్పటి నుంచీ ప్రతి జాతరలోనూ ఆయన వాయించినవాడే. పేరు నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

ఆయన నన్ను పోల్చుకున్నాడు. "మీ యమ్మ పోయినప్పుడు నువ్వు రాలేదు గదా నాయనా" అన్నాడు. దెప్పిపొడుపు కాదు, ఊరికే గుర్తు చేసుకున్నట్టు. "రాలేదు తాతా" అన్నాను. సాకులేమీ చెప్పలేదు. ఆయన పుల్ల తీసుకుని చర్మం మీద రాశాడు. ఈసారి ఆ మూలుగు ఫోనులోంచి కాదు, కారు స్పీకర్లలోంచి కాదు, మూరెడు దూరంలో వినపడింది.